గానుగ వీధి పన్ను

తాతబ్బాయి పన్ను నొప్పి తాతబ్బాయిది కాదని చింతలవరం ప్రభుత్వాసుపత్రిలో ఒక సోమవారం ఉదయం తేలిపోయింది. అందాకా, పాపం, అది తనదేననుకుని లవంగం ఒకటి దవడకింద పెట్టుకుని తిరుగుతున్నాడు.

తాతబ్బాయి చేసే పని కాయ కొరకడం. వినడానికి వింతగానే ఉంటుంది గానీ, దేశం మీదికి ఆవకాయ జాడీలు పంపించే చింతలవరంలో అది మర్యాదగల పనే. మామిడికాయల బండి వచ్చి పచ్చళ్ళ దొడ్లో ఆగగానే యజమాని నాగభూషణంగారు తాతబ్బాయిని కేకేస్తారు. అతను బండి అడుగునుంచి ఒక కాయ, నడిమినుంచి ఒక కాయ తీసి, తొక్కతో సహా కసుక్కున కొరికి, కళ్ళు మూసుకుని, "ఇది మళ్ళీ ఉగాది దాకా నిలవుంటాదండి" అనో, "ఇది దసరాకే మెత్తబడిపోద్దండి" అనో చెప్తాడు. అతను ఊఁ అంటే బండి దిగుతుంది, ఊహూఁ అంటే వెనక్కి తిరుగుతుంది. ఈ వైభవమంతా ఏటా ఎండాకాలంలో రెండు నెలలు. ఆ రెండు నెలల రాబడే ఏడాదికి ఆధారం. సరిగ్గా కొత్తపల్లి కొబ్బరి రకం మామిడికాయలు దిగే వేళకి అతని కుడి దవడ పన్ను పుచ్చింది. పుల్లటిది తగిలితే చాలు, నొప్పి నడినెత్తికి ఎక్కి కూర్చుంటోంది.

పీకించుకుంటే పీడా పోతుందని ఆసుపత్రికి వెళ్ళాడు. పళ్ళ డాక్టరు మృదులగారు చిన్నపిల్ల. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. ఆవిడ ముందు కుర్చీలో కూర్చుని తాతబ్బాయి నోరు తెరవబోతే కంగారుగా ఆపేశారు.

"తెరవకండి. నేను చూడకూడదు."

"పన్నండమ్మా. పీకేత్తే ఎల్లిపోతాను."

"తెలుసండి. నాకూ పీకాలనే ఉంది." ఆవిడ గొంతు తగ్గించారు. "జిల్లా అంతటికీ కొత్త పథకం వచ్చింది. మనిషిని విడిగా చూడకూడదట, సమాజంలో పెట్టి చూడాలట. ముందు డైరెక్టరుగారు చూస్తారు. ఆయన సరేనంటే గానీ నేను పటకారు ముట్టుకోకూడదు."

సామాజిక సందర్భ సమగ్ర దంతారోగ్య పథకానికి డైరెక్టరు ఆచార్య పరాంకుశంగారు. ఆయన ముప్ఫయ్యేళ్ళపాటు విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రం చెప్పారు. ఇన్నేళ్ళలో ఎవరి పన్నూ చూసి ఎరగరు. పథకానికి అదే ఆయన అర్హత అని ఉత్తర్వులో రాశారు. పన్ను చూసినవాడికి పన్నే కనిపిస్తుంది గానీ వెనకాల ఉన్న సమాజం కనిపించదని పైవాళ్ళ అభిప్రాయం.

"ఏమిటి సమస్య?" అన్నారు పరాంకుశంగారు.

"పన్ను నొప్పండి."

"ఎవరికి?"

"నాకేనండి."

పరాంకుశంగారు ఎంతో జాలిగా నవ్వారు. మనిషి మంచివాడు. అందులో అనుమానం లేదు.

"అలాగే అనిపిస్తుంది. అనుభవాన్ని వ్యక్తి తనదిగా పొరబడడం సహజం. అసలు వ్యక్తి అనేదే మన సౌకర్యం కోసం చేసుకున్న ఊహ. మీరు ఒక కూడలి. మీ కుటుంబం, మీ వీధి, మీ వృత్తి, మీ అలవాట్లు, ఇవన్నీ నాలుగు వైపులనుంచీ వచ్చి మీ దగ్గర కలుస్తున్నాయి. కలిసేచోట కాస్త వాచింది. అంతే."

తాతబ్బాయి దవడ తడిమి చూసుకున్నాడు. వాచిన మాట నిజమే. పెద్దాయన చూడకుండానే చెప్పాడని కొంచెం గురి కూడా కుదిరింది.

"మరి పీకేత్తారాండి?"

"కూడలిని ఎవరైనా పీకుతారా? లక్షణాన్ని తీసేస్తే కారణం దాక్కుంటుంది. రేపు మీ సందర్భాన్ని వెంటబెట్టుకు రండి."

"అదెక్కడుంటాదండి?"

"మీ ఇంట్లో మొదలవుతుంది" అన్నారు పరాంకుశంగారు.

మర్నాడు తాతబ్బాయి భార్య సరోజినిని వెంటబెట్టుకు వెళ్ళాడు. ఆవిడ ఏదో ఆపరేషనుకి సంతకం పెట్టమంటారనుకుని కొత్త చీర కట్టుకుని వచ్చింది. పరాంకుశంగారు ఆవిణ్ణి కూర్చోబెట్టి, మొగుడితో ఆఖరుసారి ఎప్పుడు గొడవపడ్డారని అడిగారు.

"ఇప్పుడేనండి, ఆటోలో."

"దేని గురించి?"

"తలుపు గొళ్ళెం పెట్టానా లేదా అనండి."

ఆయన సహాయకులిద్దరూ ఆ మాట రాసుకున్నారు. తర్వాత తిండి గురించి, నిద్ర గురించి అడిగారు. రాత్రిళ్ళు దోమలు పీకేస్తాయనీ, నిద్రపట్టక ఈయన పళ్ళు పటపటా కొరుకుతాడనీ, ఇంటి ముందు మురుగుకాలవ పూడిపోయి ఎన్నేళ్ళయిందో తనకే గుర్తులేదనీ సరోజిని చెప్పింది. పరాంకుశంగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఆ పన్నుకి వేరు దవడలో లేదమ్మా. మురుగుకాలవలో ఉంది."

"మరి మా ఆయన దవడ?"

"మురుగుకాలవ ఎవరిది?"

"వీధిదండి."

"అయితే వీధిని తీసుకురండి" అన్నారాయన.

గానుగ వీధి పెద్ద వీధేం కాదు గానీ, జనం ఉన్నారు. వాళ్ళందర్నీ ఆసుపత్రికి కదిలించే పని ఇజ్రాయేలు నెత్తిన వేసుకున్నాడు. ఇజ్రాయేలు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనవాడు. వీధిలో అందరికీ కండక్టరుగారే. చోటు లేనిచోట మనుషుల్ని సర్దడం ఆయనకి పుట్టుకతో వచ్చిన విద్య కనక, గురువారం పొద్దున్నకల్లా ముసలీ ముతకా, పిల్లాజెల్లా, పులిహోర డబ్బాలతో సహా వీధి మొత్తం వెళ్ళి ఆసుపత్రి ఆవరణలో దిగింది. కాలు విరిగినవాళ్ళని మోసుకొచ్చినవాళ్ళు దారిలేక గోడ పక్కన నిలబడాల్సి వచ్చింది. వాళ్ళకి మాత్రం సందర్భం లేదా అని ఎవరో అడిగితే, కాళ్ళ పథకం ఇంకా రాలేదని చెప్పారు.

పరాంకుశంగారి సహాయకులు ఒక్కొక్కర్నీ పిలిచి తాతబ్బాయి గురించి అడిగారు. కిళ్ళీకొట్టు గవర్రాజు, తన కొట్లో తాతబ్బాయి ఎక్కువగా కొనేది సున్నం వేసిన కిళ్ళీ అని చెప్పాడు. గవర్రాజు కొట్టు ఎందుకు పెట్టాడని అడిగితే, బావమరిది చెప్పబట్టి అన్నాడు. బావమరిది రాజోలులో ఉంటాడు. సందర్భానికి కూడా సందర్భం ఉంటుంది కనక బావమరిదికి కబురు వెళ్ళింది. అతను తన వియ్యంకుడితో కలిసి దిగాడు. శనివారంకల్లా ఆసుపత్రి ముందు బజ్జీల బళ్ళు వెలిశాయి. ఆ గుంపులో తాతబ్బాయి కిందపెదవి పళ్ళకింద నొక్కిపట్టుకుని ఒక మూల కూర్చున్నాడు. వచ్చినవాళ్ళంతా అతన్ని పలకరించి, పన్ను గురించి తప్ప అన్ని సంగతులూ చెప్పి వెళ్ళారు.

మధ్యలో ఊళ్ళో ఉన్న ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్ళి చూశాడు. ఆయన గుమ్మంలోనే దణ్ణం పెట్టేశాడు.

"మీ పేరు పథకంలో ఎక్కిపోయిందండి. మీ పన్ను ముట్టుకుంటే గానుగ వీధి మొత్తానికి వైద్యం చేసినట్టు లెక్క. నా దగ్గర ఒక్కటే కుర్చీ ఉంది."

పది రోజులకి మొదటి నివేదిక వచ్చింది. పరాంకుశంగారు గోడమీద ఎంతో పొడుగు కాగితం వేలాడదీసి, తాతబ్బాయిని ముందు కూర్చోబెట్టి ఓపిగ్గా వివరించారు. వీధిలో ఉన్న పళ్ళన్నిటికీ ఈ నొప్పిని పంచి చూస్తే ఒక్కో పన్నుకి చీమ కుట్టినంత కూడా రావడం లేదనీ, కాబట్టి వీధి పళ్ళు మొత్తమ్మీద ఆరోగ్యంగానే ఉన్నట్టనీ అన్నారు.

"పంచడం ఎప్పుడు మొదలెడతారండి?" అన్నాడు తాతబ్బాయి. "నా వాటా ఉంచేసుకుని మిగిలింది ఇప్పుడే ఇచ్చేత్తాను."

పరాంకుశంగారు దాన్ని కూడా రాసుకోమన్నారు. పాల్గొనే స్ఫూర్తి బాగుందన్నారు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మురుగుకాలవ బాగయింది. ఎన్ని అర్జీలు పెట్టినా కదలని మున్సిపాలిటీ, దంత నిధులు వస్తున్నాయనేసరికి పారలు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. కాలవ తవ్వారు, మీద బిళ్ళలు పరిచారు. దోమలు పోయాయి. వీధిలో పసిపిల్లలు హాయిగా నిద్రపోయారు. తాతబ్బాయి పన్ను మాత్రం పోటు ఆపలేదు. అయితే కారణం ఇంకా లోతుగా ఉందన్నమాట అన్నారు పరాంకుశంగారు. బోరునీళ్ళలో ఉందేమోనని కొళాయిలు వేయించారు. మొదటి కొళాయి, ఎంతయినా పన్ను ఆ ఇంటిదే కనక, సరోజిని గుమ్మం పక్కనే పెట్టారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ రెండు వీధులవతలనుంచి బిందెలు మోసిన మనిషి, ఆ కొళాయి తిప్పి, నీళ్ళు చేతిమీద పడుతుంటే చాలాసేపు అలాగే కూర్చుండిపోయింది. తర్వాత కొళాయికి పసుపు రాసి బొట్టు పెట్టింది. తాతబ్బాయికి నోట్లో నొప్పి ఉన్నా ఆవిణ్ణి చూసి సంతోషం వేసింది.

ఆ తర్వాతే అతని కష్టం ముదిరింది. వీధిలో అందరూ అతన్ని ఎంతో ప్రేమగా చూడడం మొదలెట్టారు.

"ఎలా ఉంది తాతబ్బాయీ?" అని అడుగుతారు.

"సలిపేత్తందండి" అంటే, "అమ్మయ్య" అని వెళ్ళిపోతారు.

ఒకనాడు గోదావరి దాటి అవతలి జిల్లాలో పీకించుకుందామని చెప్పకుండా రేవుకి బయల్దేరాడు. అక్కడికి పథకం రాలేదు. మనుషుల్ని దాటించే పంటు ఎక్కబోతుంటే టిక్కెట్లిచ్చే మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. "కండక్టరుగారు చెప్పారండి, మిమ్మల్ని ఎక్కించొద్దని. మా చెల్లెలిది గానుగ వీధేనండి" అన్నాడు. తాతబ్బాయి ఒడ్డున నిలబడి వెళ్ళిపోతున్న పంటుని చూశాడు. తన పన్నుని తను తీసుకెళ్ళే స్వతంత్రం కూడా లేకుండా పోయిందని అతనికి ఏడుపొచ్చింది.

పచ్చళ్ళ దొడ్లో నాగభూషణంగారు కళ్ళతో చూసి రెండు బళ్ళు దించుకున్నారు. రెండూ పీచు లేని కాయే, నిలవకి పనికిరానిది. ఆయన నిదానస్తుడే గానీ, వ్యాపారం వ్యాపారమే.

"తుని మనిషికి కబురెట్టానయ్యా. వచ్చే బుధవారం దిగుతాడు. ఈలోగా నువ్వు కొరకగలిగితే సరే. లేకపోతే ఈ ఏటికి, ఆపైన కూడా, అతనే కొరుకుతాడు" అన్నారు.

తాతబ్బాయి తిన్నగా ఆసుపత్రికి వెళ్ళి పరాంకుశంగారి కాళ్ళమీద పడ్డంత పని చేశాడు. ఆయన కరిగారు. నిజంగానే కరిగారు. బల్లమీద ఉన్న నిబంధనలు తిరగేసి, ఒక దారి ఉందన్నారు. సందర్భం మొత్తం సమావేశమై సమ్మతిస్తే పన్ను తీయవచ్చు.

"అంతేనాండి? మా వీధోళ్ళు కాదంటారాండి" అని తాతబ్బాయి పరిగెత్తుకొచ్చాడు.

ఆదివారం సాయంత్రం రామకోవెల పక్క ఖాళీ స్థలంలో షామియానా వేశారు. పరాంకుశంగారు, పటకారు సంచితో మృదులగారు వచ్చారు. సమ్మతి రాగానే అక్కడికక్కడే పీకడానికి ఆవిడ కుర్చీ కూడా తెప్పించుకున్నారు. ముందు పరాంకుశంగారు మాట్లాడారు. ఒక్క నొప్పి ఒక వీధిని మార్చిందనీ, బుధవారం రాజధానినుంచి సమీక్షా సంఘం వస్తోందనీ, నొప్పి కొనసాగుతున్నట్టు వాళ్ళకి రుజువైతే పథకం రెండో దశకి వెళ్తుందనీ, రెండో దశలో వీధి వెనక పంటకాలవమీద వంతెన ఉందనీ చెప్పారు. ఆ వంతెన లేకే గానుగ వీధి పిల్లలు చుట్టు తిరిగి బడికి వెళ్తున్నారు. వానాకాలంలో అసలే వెళ్ళడం లేదు.

"ఇక మీ ఇష్టం. సమ్మతిని ప్రభావితం చేయడం నా పద్ధతి కాదు" అని కూర్చున్నారు.

ఇజ్రాయేలు లేచి తాతబ్బాయి దగ్గరికొచ్చి భుజంమీద చెయ్యి వేశాడు.

"తమ్ముడూ, నేను నీకు చెడు కోరేవాణ్ణా? బుధవారం దాకా ఓపిక పట్టు. ఆ తర్వాత ఒకటి కాదు, అన్నీ పీకించుకో."

"బుధవారం తుని మనిషి దిగుతాడండి కండక్టరుగారూ. నా పని పోద్ది."

"పని పోతే చూసుకోడానికి వీధి ఉంది కదయ్యా."

"పన్ను నాదండి" అన్నాడు తాతబ్బాయి. "మీరందరూ నాకు కావలసినోళ్ళే. కాదన్ను. నొప్పి మాత్రం నా ఒక్కడికే వత్తందండి. అర్ధరేతిరి లేచి కూచుంటే పక్కన ఎవరూ ఉండట్లేదు."

పరాంకుశంగారు సహాయకుల వైపు తిరిగి, "ఒంటరితనం భ్రమ ఇంకా పోలేదు" అన్నారు.

పన్ను తీయవద్దనేవాళ్ళని చేతులెత్తమన్నారు. గవర్రాజు ఎత్తాడు. గవర్రాజు బావమరిది కూడా ఎత్తాడు. తలలు వంచుకునే గానీ, అందరూ ఎత్తారు. తాతబ్బాయి సరోజిని వైపు చూశాడు. ఆవిడ అతని వైపు చూడలేదు. చెయ్యి పూర్తిగా ఎత్తనూ లేదు, దించనూ లేదు. చెవి దగ్గర వెంట్రుకలు సర్దుకుంటున్నట్టు అక్కడే ఉంచేసింది. సహాయకులు దాన్ని ఎత్తినట్టే రాసుకున్నారు. మృదులగారు కుర్చీ మడిచి రిక్షాలో పెట్టించుకున్నారు.

ఆ రెండు రోజులూ మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోలేదు. బుధవారం తెల్లవారుతూనే తాతబ్బాయి పచ్చళ్ళ దొడ్డికి వెళ్ళాడు. తుని మనిషి అప్పటికే వచ్చి అరుగుమీద కూర్చుని, తళతళలాడే పళ్ళతో చెరుకుముక్క నములుతున్నాడు. నాగభూషణంగారు బండి వైపు చూపించారు.

తాతబ్బాయి అడుగునుంచి కాయ తీశాడు. పచ్చిగా, గట్టిగా, చేతికి బరువుగా ఉంది. దేవుణ్ణి తలుచుకోలేదు, వీధిని అసలే తలుచుకోలేదు. కళ్ళు మూసుకుని ఉన్న బలమంతా పెట్టి కుడివైపునే కొరికాడు. లోపల ఏదో ఫెళుక్కుమంది. ప్రాణం పోయిందనుకున్నాడు. మరుక్షణంలో ఎంతో చల్లగా, ఖాళీగా, నిశ్శబ్దంగా అనిపించింది. కాయని వెనక్కి లాగి చూస్తే కండలో గుచ్చుకుని తన పన్ను నిలబడి ఉంది.

అతను నెత్తురు ఉమ్మి, పులుపు చప్పరించి, నింపాదిగా చెప్పాడు. "ఏడాది కాదండి, రెండేళ్ళు నిలవుంటాది. దింపించేయండి."

తుని మనిషి మర్యాదస్తుడు. లేచి నిలబడి, చెరుకు పక్కన పడేసి, బస్సు ఎన్నింటికని అడిగాడు.

తాతబ్బాయి ఇంటికి తిరిగొస్తుంటే ముఖంమీద నవ్వు ఆగడం లేదు. నెలరోజుల తర్వాత అతనికి ఎండ కూడా బాగుంది. వీధి మొదట్లో ఇజ్రాయేలు ఎదురై ఆ నవ్వు చూసి కొయ్యబారిపోయాడు.

"పన్నేదయ్యా?"

"ఊడిపోయిందండి."

"చంపావు కదయ్యా. జీపు వచ్చేసింది. ముందు నువ్వు నవ్వడం మానెయ్."

సరోజిని గుమ్మంలోంచి అంతా విని, తువ్వాలు తెచ్చి అతని దవడకి చుట్టి నెత్తిమీద ముడివేసింది. సంఘంలోవాళ్ళు ఒక్కసారి నోరు తెరవమంటే వంతెన కొట్టుకుపోతుంది. తాతబ్బాయికీ భయం వేసింది. ఎంత కోపం ఉన్నా, బడిపిల్లలు అతని పిల్లల్లాంటివాళ్ళే.

సమీక్షా సంఘంలో ముగ్గురున్నారు. వాళ్ళు మురుగుకాలవమీద బిళ్ళలు కొలిచారు. కొళాయినీళ్ళు సీసాలో పట్టించుకున్నారు. గవర్రాజుని పిలిచి, వీధిలో నొప్పి ఎలా ఉందని అడిగారు. గవర్రాజు బుగ్గమీద చెయ్యి వేసుకుని, నిన్నటికన్నా ఇవాళ ఎక్కువగా ఉందన్నాడు. ఇజ్రాయేలు, తనకి రెండువైపులా ఉందన్నాడు. ముసలమ్మలు, నోట్లో ఒక్క పన్ను లేనివాళ్ళు కూడా, బాధ తట్టుకోలేకపోతున్నామన్నారు. వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా బుగ్గలమీద చేతులే కనిపించాయి. పరాంకుశంగారి కళ్ళు చెమర్చాయి.

"ఒకనాడు ఒక్కడు తనదనుకున్న నొప్పి ఇది. ఇవాళ అందరూ తమదని గుర్తించారు" అన్నారు.

సంఘంవాళ్ళు ఆఖరున తాతబ్బాయి ముందు ఆగారు. అతను తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు. వాళ్ళలో పెద్దాయన అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, "ఈయనెవరు?" అన్నారు.

"కూడలి" అన్నారు పరాంకుశంగారు.

ఆయన తలూపి జీపెక్కారు. వంతెన మంజూరైంది.

జీపు దుమ్ము అణిగాక వీధిలో పండగ మొదలైంది. ఇజ్రాయేలు మిఠాయి పంచుతున్నాడు. సరోజిని మొగుణ్ణి ఇంట్లోకి తీసుకెళ్ళి, తలుపు దగ్గరికేసి, కిటికీ పక్కన వెలుతురులో పీటమీద కూర్చోబెట్టి తువ్వాలు విప్పింది.

"ఏదండి, ఓసారి నోరు తెరవండి."

తాతబ్బాయికి ఆ మాట అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. నెలరోజుల్లో అతన్ని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. నోరు తెరిచాడు. ఆవిడ గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి లోపలికి చూసింది. చాలాసేపు చూసింది. అతని కళ్ళలోంచి నీళ్ళు కారి ఆవిడ చేతిమీద పడుతుంటే, వాటిని కూడా తుడవకుండా చూసింది.

"దాని పక్కది కూడా పుచ్చిందండి" అంది మెల్లిగా.

బయట ఎవరో, రెండో దశ అయ్యాక మూడో దశలో వీధిదీపాలుంటాయని అంటున్నారు. సరోజిని కిటికీలోంచి తన కొళాయివైపు ఒకసారి చూసింది. లేచి కిటికీ రెక్క మూసి, అతని చెవిలో చెప్పింది.

"ఎవరితోనూ అనకండి. తెల్లారగట్ట రేవుకి కాకుండా కాలవ లాకుల దగ్గరికి నడిచెళ్ళిపోయి, అక్కడ పడవెక్కి గోదారి అవతలొడ్డుకి పోదాం. పీకించేసుకుని వచ్చేద్దాం. మనిద్దరమే."

తాతబ్బాయి నోరు మూయడం మరిచిపోయి ఆవిణ్ణే చూస్తూ కూర్చున్నాడు.